ఐస్ ఫ్యాక్టరీ నుంచి రెండు వీధులు

మా వదిన నెవేనా మనాగ్వాలో దిగాక అడిగిన మొదటి ప్రశ్న, "ఊరెప్పుడొస్తుంది?"

విమానాశ్రయం నుంచి బయలుదేరి అప్పటికి ఇరవై నిమిషాలైంది. టాక్సీలో ముందు సీట్లో మా అన్న ఫానోర్ కూచున్నాడు. వెనక నేను, తను, మా ఇద్దరి మధ్య దారిలో ఎక్కిన ఒకావిడ. ఆవిడ ఒళ్ళో కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు. టాక్సీవాడు అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"ఏ ఊరమ్మా?"

"మనాగ్వా."

"దాటొచ్చేశాం కదా."

నెవేనా వెనక అద్దంలోంచి చూసింది. గడ్డి, గడ్డిలో రెండు ఆవులు, ఆ వెనక పైకప్పు లేని చర్చి కనబడ్డాయి. తను ఫానోర్ భుజం తట్టి వాళ్ళ భాషలో ఏదో అడిగింది. వాడు నవ్వి ఊరుకున్నాడు. కోళ్ళావిడ నాతో, "పాపం, కొత్తా?" అంది. కొత్తేనన్నాను.

అది 1991 జనవరి పదమూడు, ఆదివారం. ఫానోర్ సముద్రం అవతల సోఫియా నగరంలో ఐదేళ్ళు వ్యవసాయం చదివి, చివరి ఏడు అక్కడి పిల్లనే పెళ్ళి చేసుకుని వచ్చాడు. తను అక్కడ ఆసుపత్రిలో రక్తపరీక్షల లాబ్‌లో పనిచేసేది. వాడి టికెట్టు ఇటు మాత్రమే. తనది రానూపోనూ టికెట్టు. తిరుగు ప్రయాణానికి ఏప్రిల్ పది ఆఖరు తేదీ.

మా అమ్మ పేరు ఎర్సీలియా. శనివారం నకతమల్ చుట్టి ఆదివారం పొద్దున అమ్ముతుంది. మొక్కజొన్న పిండి, పంది మాంసం అరటాకులో కట్టి రాత్రంతా ఉడికించేది అదే. మేం ఇల్లు చేరేసరికి కోడలి కోసం రెండు దాచి ఉంచింది. నెవేనా రెండూ తినేసి ఆకు మీద మిగిలింది వేలితో తీసుకుంది. అమ్మ గుమ్మం దగ్గరకెళ్ళి, గోడవతల నుంచున్న పక్కింటావిడతో, "తింటుంది" అంది. ఆ సాయంత్రానికి ఆ మాట వీధంతా తెలిసింది.

మర్నాడు పొద్దున నెవేనా తనే వెళ్ళి రొట్టె తెస్తానంది. అరగంటకి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. మొహం ఎర్రబడి ఉంది.

"ఇక్కడ మగవాళ్ళు దారడిగితే ముద్దు విసురుతారా?" అనడిగింది.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి తలెత్తలేదు. "ఎటు విసిరాడు?"

"ఏమిటి?"

"మూతి ఎటు తిప్పాడు? కుడికా, ఎడమకా?"

నెవేనా కాసేపు ఆలోచించింది. "ఎడమకి."

"బేకరీ అటే. వెళ్ళు, రొట్టెలైపోతాయి."

నేను మూతి ముందుకు పెట్టి గోడ మీదున్న క్యాలెండరు వైపు చూపించాను. తర్వాత కిటికీ వైపు చూపించాను. మా ఊళ్ళో చేతులు ఖాళీగా ఉండవు, అందుకని మూతితో చూపిస్తాం. నెవేనా నన్ను చూసి, క్యాలెండరు చూసి, తనూ ఓసారి మూతి ముందుకు పెట్టి చూసుకుని మళ్ళీ బయటికెళ్ళింది. ఈసారి రొట్టెతో వచ్చింది.

ఆ మధ్యాహ్నమే వాళ్ళమ్మకి ఉత్తరం రాయడానికి కూచుని, మన ఇంటి నంబరెంత అని అడిగింది.

"నంబరు లేదు," అన్నాను.

"వీధి పేరు?"

"లేదు."

"మరి ఉత్తరాలెలా వస్తాయి?"

అమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది. "రాసుకో. ఐస్ ఫ్యాక్టరీ ఉండిన చోటు నుంచి సరస్సు వైపు రెండు వీధులు, పైకి అర వీధి."

"పైకి అంటే?"

"పొద్దు పొడిచే వైపు."

నెవేనా రాసుకుంది. రాశాక పెన్ను ఆపింది. "ఐస్ ఫ్యాక్టరీ నేను చూళ్ళేదు. ఎక్కడుంది?"

"టైర్ల కొట్టు ఉంది చూడు, అక్కడ. ఇప్పుడు లేదు."

"ఎప్పుడు పోయింది?"

"భూకంపంలో. పద్దెనిమిదేళ్ళైంది."

"మరి టైర్ల కొట్టు నుంచి అని రాయచ్చుగా?"

అమ్మ ఆవిడ వైపు జాలిగా చూసింది. "టైర్ల కొట్టు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసమ్మా? ఐస్ ఫ్యాక్టరీ ఇంకెక్కడికీ పోదు."

నెవేనా దగ్గర చారల అట్ట నోటుపుస్తకం ఒకటుండేది. రోజూ పొద్దున ఎటో ఒకవైపు బస్సెక్కి వెళ్ళేది. అమ్మే పంపించేది. ఇంట్లో కూచుంటే ఊరెలా తెలుస్తుంది, వెళ్ళు, తప్పిపోతే ఎవరినైనా అడుగు అనేది. సాయంత్రం వచ్చి చూసినవన్నీ అందులో రాసుకునేది. ఫానోర్ పదిహేను రోజులకే ఉత్తరాన హినోతేగా కొండల్లో కాఫీ తోటల సహకార సంఘంలో పనికి కుదిరాడు. రెండు వారాలకోసారి శనివారం ఇంటికొచ్చేవాడు. వాడు లేని సాయంత్రాలు నెవేనా ఆ పుస్తకం మాకు చదివి వినిపించేది. స్పానిష్ వాడి దగ్గరే నేర్చుకుంది, అందుకని వాడి లాగే మాట చివర మింగేసేది.

"బస్సుకి తలుపుంది. వెయ్యరు."

"నిజమే," అన్నాను.

"ఎర్ర లైటు దగ్గర గుర్రబ్బండి ఆగింది. కార్లు ఆగలేదు."

"ఆ గుర్రం ఎవరిదో?" అంది అమ్మ.

"నీళ్ళు ప్లాస్టిక్ సంచిలో అమ్ముతారు. మూల కొరికి తాగాలి. నేను పెద్ద మూల కొరికాను."

"అందుకేనా నిన్న గౌను తడిసింది."

"దారడిగితే అందరూ చెబుతారు. తెలియనివాళ్ళు ఇంకా వివరంగా చెబుతారు."

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. "ఇవన్నీ మీ అమ్మకి రాస్తావా?"

"కొన్ని."

"మా ఊళ్ళో మంచి ఒక్కటీ కనబళ్ళేదా నీకు?"

నెవేనా పేజీలు తిప్పింది. "ఇదిగో. ఈ రోజు ముప్పై నాలుగు డిగ్రీలు. సోఫియాలో సున్నా కింద పదకొండు."

"అది దేవుడు పెట్టింది. మేం పెట్టింది రాయి."

నెవేనా పుస్తకం మూసింది. రెండు రోజుల తర్వాత అడక్కుండానే చదివింది: "బస్సులో నిలబడితే, కూచున్నవాళ్ళు మన సంచి అడిగి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంటారు. దిగేటప్పుడు ఇస్తారు. ఇల్లు చేరాక చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి."

అమ్మ, "చూసుకుందట," అంది నాతో. కానీ ఆ పూట నెవేనా కాఫీలో చక్కెర ఎక్కువేసింది.

ఫిబ్రవరి మొదటివారంలో ఒక ఆసుపత్రి లాబ్‌లో నెవేనాకి ఖాళీ దొరికింది. చదువుకున్న సంస్థ నుంచి ముద్ర వేసిన పత్రం కావాలన్నారు. తన దగ్గర నకలు మాత్రమే ఉంది. అది పనికిరాదన్నారు. జనవరిలోనే సోఫియాకి రాశానని చెప్పింది. మార్చి ఇరవై రెండు శుక్రవారం దాకా చూస్తాం అన్నారు. ఆ తర్వాతది ఈస్టరు ముందరి పవిత్ర వారం, ఊరంతా సముద్రానికి పోతుంది, ఆఫీసుల్లో పలికేవాళ్ళుండరు. అది దాటాక ఇంకొకరిని పెట్టుకుంటారు.

ఆ శనివారం ఫానోర్ వచ్చినప్పుడు భోజనాల దగ్గర ఈ మాట వచ్చింది. అమ్మ పెనం మీద మొక్కజొన్న రొట్టె చేత్తో తిప్పుతోంది.

"కాగితం రాకపోతే?" అన్నాను.

ఫానోర్ నెవేనా వైపు చూశాడు. ఆవిడ పళ్ళెంలోకి చూసుకుంటోంది. వాళ్ళిద్దరూ ముందే మాట్లాడుకున్నారని అర్థమైంది.

"పని లేకుండా ఇక్కడ ఉండలేదు, అమ్మా. ఏప్రిల్‌లో వెళ్తుంది. తనతో నేనూ వెళ్తాను. అక్కడ నా ప్రొఫెసరు పనిస్తానన్నాడు."

అమ్మ రొట్టె తీసి గుడ్డలో చుట్టింది. ఇంకోటి వేసింది.

"టికెట్టు ఎక్కడ పెట్టుకుంది?"

"పెట్టెలో."

"జాగ్రత్తగా పెట్టుకోమను. ఎలకలు కొట్టేస్తాయి."

"మనింట్లో ఎలకలెక్కడున్నాయమ్మా?"

"వస్తాయి," అంది అమ్మ.

అప్పట్లో నేను ఒక రేడియో స్టేషన్లో వార్తలు టైపు చేసేదాన్ని. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా పని. పన్నెండింటికి ఇల్లు చేరేసరికి మంగళవారం, శుక్రవారం ఉత్తరం కోసం ఇద్దరూ నుంచుని ఉండేవాళ్ళు, నెవేనా గేటుకి ఇవతల, అమ్మ కిటికీ వెనక. ఉత్తరాలు తెచ్చే పెద్దాయన, మేం గౌరవంగా దోన్ అని పిలిచే అబెలీనో, దూరం నుంచే చెయ్యూపేవాడు, లేదని. మొదట్లో దగ్గరకొచ్చి చెప్పేవాడు. మార్చి వచ్చేసరికి పక్క వీధిలోంచి వెళ్ళడం మొదలుపెట్టాడు.

"ముసలాడికి సిగ్గేస్తోంది," అంది అమ్మ. "వాడి తప్పేముంది ఇందులో?"

మార్చి పదహారు శనివారం. వాకిట్లో బల్ల మీద నకతమల్ చుడుతున్నాం. ఫానోర్ పొద్దున బస్సులో దిగి అన్నం, చిక్కుడుగింజలు తింటున్నాడు. నెవేనా ఆకు మడిచి దారం కడుతోంది. అమ్మ ఆవిడ కట్టిన ప్రతిదాన్నీ తీసి మళ్ళీ కడుతోంది.

"ఈ ముడి ఎవరికోసం వేశావ్? తినేవాడు కత్తి తెచ్చుకోవాలా?"

"గట్టిగా ఉండాలన్నారు."

"గట్టిగా ఉండాలన్నాను. జైలు చెయ్యమన్లేదు."

ఆరు రోజులు మిగిలాయి. ఎవరమూ ఆ మాటెత్తట్లేదు. రేడియోలో మాకొక అలవాటుండేది, వార్త రాకపోతే ముందు ఫోను నంబరు సరిచూసుకోమనేవారు. అది గుర్తొచ్చి అడిగాను.

"నెవేనా, సంస్థవాళ్ళకి ఏ అడ్రసు రాశావు?"

"అడ్రసు రాయలేదు."

"అంటే?"

"ఐస్ ఫ్యాక్టరీ ఉండిన చోటు నుంచి అని సోఫియాలో గుమాస్తాకి రాస్తే తాగి రాశాననుకుంటాడు. మా ఆయనా మీ దగ్గరే చదివాడు, ఆయన అడ్రసు మీ రిజిస్టరులో ఉంది, దానికి పంపండి అని రాశాను."

"మంచి పని చేశావ్," అన్నాడు ఫానోర్ నోట్లో ముద్దతో.

"రిజిస్టరులో ఏముంది?" అనడిగాను.

"నా జనన పత్రంలో ఏముంటే అదే. సాన్ సిరీలో వీధి, నాలుగు వందల పన్ను..."

వాడు నమలడం ఆపాడు.

సాన్ సిరీలో అనే వీధిలో 412 మేం పుట్టిన ఇల్లు. నడిబొడ్డున ఉండేది. ముందు గదిలో మా నాన్న దర్జీ కొట్టు. డెబ్బై రెండు డిసెంబరులో భూకంపానికి ఆ వీధితో పాటు పడిపోయింది. నాన్న లోపలే ఉండిపోయాడు. ఫానోర్‌కి అప్పుడు తొమ్మిదేళ్ళు, నాకు నాలుగు. ఆ తర్వాత కాగితాల్లో అడ్రసు మార్చాలని మాకెవరికీ తట్టలేదు. మా ఊళ్ళో ఎవరికీ తట్టినట్టు లేదు. నా ఓటరు కార్డులోనూ అదే ఉంది.

నెవేనా దారం చేత్తో పట్టుకుని మా ముగ్గురి మొహాలూ చూసింది. "ఆ ఇంటికి నంబరు కూడా ఉందా?"

"ఉండేది," అన్నాను.

"అంటే నా కాగితం లేని ఇంటికెళ్ళిందా?"

అమ్మ చేతిలో ముడి పూర్తిచేసి దారం కొరికింది.

"అయితే అక్కడే ఉంటుంది," అంది.

ఆదివారం దోన్ అబెలీనో నకతమల్ కొనడానికి రాక తప్పలేదు. నాలుగు కొంటాడు ప్రతివారం. అమ్మ నాలుగూ సంచిలో వేసి, సంచి ఇవ్వకుండా పట్టుకుంది.

"దోన్ అబెలీనో, పాత ఊరి ఉత్తరాలు ఏం చేస్తారు మీరు?"

"అది నా రూటు కాదు దోన్యా ఎర్సీలియా."

"రూటున్నవాడు ఏం చేస్తాడు?"

"ఇచ్చేస్తాడు."

"ఎవరికి? అక్కడ గడ్డేగా ఉంది?" అని నెవేనా అడిగింది.

"వెనక్కి పంపితే రాసినవాడు బెంగపెట్టుకోడూ? ఆ ఇంటికి ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళకిస్తాడు. ఇప్పుడక్కడ పడిపోకుండా మిగిలిన మేడల్లో జనం ఉంటున్నారుగా. వాళ్ళు ఉంచుతారు."

"ఎవరి దగ్గర ఉంటుందో చెప్పగలరా?"

"ఇల్లెక్కడో తెలిస్తే దగ్గరెవరో తెలుస్తుందమ్మా. ఇల్లెక్కడో నాకెలా తెలుస్తుంది?" అని దోన్ అబెలీనో మూతి కొంచెం ముందుకు పెట్టి అమ్మ వైపు చూపించాడు.

అమ్మ సంచి ఇచ్చేసింది.

పద్దెనిమిదేళ్ళలో మా అమ్మ అటు వెళ్ళలేదు. బజారు దాకా వెళ్ళేది, అంతే. బస్సు ఆ దారిన పోతే ముందే దిగి నడిచేది. ఆ మధ్యాహ్నం నెవేనాని పిలిచి, పిండి జల్లిన బల్ల మీద వేలితో గీయడం మొదలుపెట్టింది.

"ఇది లూసీలా మందుల షాపు. దాని మూల తిరిగితే గడియారాల కొట్టు. దాని ఎదురుగా సొమార్రీబా వాళ్ళ మేడ, ఆకుపచ్చ తలుపు. తలుపు దాటాక..."

"దోన్యా ఎర్సీలియా."

"తలుపు దాటాక మూడో గుమ్మం."

"దోన్యా ఎర్సీలియా, వీటిలో ఒక్కటీ లేదు. ఆకుపచ్చ తలుపు నేనెలా చూస్తాను?"

అమ్మ బల్ల మీద గీసినదాన్ని చూసింది. అరచేత్తో పిండి చెరిపేసి చేతులు దులుపుకుంది. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి మేకుకి తగిలించింది.

"రేపు బస్సెన్నింటికి?" అంది.

సోమవారం నేను రేడియోకి సెలవు పెట్టాను. ఫానోర్ తెల్లవారుజామునే కొండలకి వెళ్ళిపోయాడు. అమ్మ చర్చికి వేసుకునే గౌను వేసుకుంది.

బస్సులో ఎక్కాక నాకు తెలిసింది, నెవేనా మాతో రావట్లేదు, మమ్మల్ని తీసుకెళ్తోంది. కండక్టరు మెట్ల మీద వేలాడుతూ, "సందుంది, సందుంది, వెనక నాట్యమాడచ్చు," అని అరుస్తున్నాడు. నెవేనా మోచెయ్యి పెట్టి దారి చేసి అమ్మని లోపలికి తోసింది. కూచున్నావిడ ఒళ్ళో అమ్మ సంచి పెట్టేసింది. ఆవిడ, "ఉంచు బంగారం," అంది. అమ్మ పైన కమ్మీ రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"పడను కదా?"

"పడటానికి చోటు లేదు," అంది నెవేనా.

దిగేచోటు రాగానే నెవేనా రేకు మీద రెండుసార్లు అరచేత్తో కొట్టి, "ఆపవయ్యా, పెద్దావిడుంది," అని కేకేసింది. మాట చివర మింగేసింది కూడా. బస్సు ఆగింది. దిగాక అమ్మ గౌను సరిచేసుకుంటూ నాతో, "దీనికివన్నీ ఎవరు నేర్పారు?" అంది.

"నువ్వే రోజూ తరిమావుగా."

పైకప్పు లేని చర్చి నుంచి సరస్సుకి ఎదురు దిశలో నడిచాం. అక్కడ గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఎండాకాలం కనక పసుపుపచ్చగా ఉంది. తారు అక్కడక్కడ మిగిలింది. ఎవరిదో గుర్రం మేస్తోంది. పొద్దున తొమ్మిదింటికే ఎండ దంచేస్తోంది, నీడకి చెట్టు లేదు.

అమ్మ ఒకచోట ఆగింది. అటూ ఇటూ చూడలేదు, నేల చూసింది. తర్వాత నడక మొదలుపెట్టింది. బజారుకి వెళ్ళేటప్పుడు ఎంత వేగంగా నడుస్తుందో అంతే వేగం. నలభై అడుగులు తిన్నగా వెళ్ళి ఎడమకి తిరిగింది. అక్కడ తిరగడానికి ఏమీ లేదు, గడ్డే. ఆ గడ్డిలో పది అడుగులు నడిచి కుడికి తిరిగింది.

నాకు ఎండ కొడుతోంది. అమ్మ ఎటు పోతోందో కనబడుతోంది కనక అడ్డంగా గడ్డిలోంచి నడిచాను.

"ఎక్కణ్ణుంచి వస్తున్నావ్?" అంది అమ్మ వెనక్కి తిరిగి.

ఆగిపోయాను.

"సొమార్రీబా వాళ్ళ భోజనాల గదిలోంచి నడుస్తావా? చెప్పులతో?"

నెవేనా అడ్డంగా రాలేదు. అమ్మ తిరిగినచోటికి వచ్చి, ఎడమకి తిరిగి, పది అడుగులు వేసి, కుడికి తిరిగింది. నవ్వలేదు, నావైపు చూడనూ లేదు. తర్వాతి మూల దగ్గర అమ్మ ఆగితే తనూ రెండడుగుల వెనక ఆగింది. అమ్మ అటూ ఇటూ చూసి దాటింది. ఏ కార్ల కోసం చూసిందో తెలియదు. నెవేనా కూడా చూసి దాటింది.

నేను వెనక్కి వెళ్ళి మూల మీదుగా వచ్చాను.

మూడో గుమ్మం దగ్గర అమ్మ ఆగింది. గడ్డి మధ్య ఒక మెట్టు, దాని వెనక ఎరుపూ తెలుపూ గళ్ళ నేల చాపంత మిగిలి ఉంది. అమ్మ మెట్టు ఎక్కలేదు. కాలి చెప్పుతో దాని మీద మట్టి పక్కకి తోసింది. నెవేనా వంగి ఇంకో పక్క మట్టి చేత్తో తుడిచింది. కాసేపు ఇద్దరూ అదే పని చేశారు. నేను నుంచున్నాను. నాకు ఆ నేల గుర్తులేదు.

"ఇక్కడే," అంది అమ్మ.

అక్కడికి యాభై అడుగుల్లో మూడంతస్తుల మేడ ఉంది. పై రెండంతస్తులకి గోడల్లేవు. కింద బట్టలారేసి ఉన్నాయి. వాకిట్లో ఒకావిడ నీళ్ళ సంచులు ఐసు పెట్టెలో సర్దుకుంటోంది. మమ్మల్ని చూసి లేవకుండానే అడిగింది.

"ఎవరు కావాలి?"

"దర్జీ లియోన్సియో గారిల్లు," అంది అమ్మ.

"ఆ మెట్టున్న ఇల్లా? నాలుగు వందల పన్నెండు. ఉండండి."

ఆవిడ లోపలికెళ్ళి పాలపొడి డబ్బా తెచ్చింది. మూత తీసి, ఉత్తరాలు ఒక్కొక్కటీ దూరంగా పట్టుకుని చూసి, ఒకటి బయటికి తీసింది. పొడుగు కవరు, మూలన గులాబీల తపాలా బిళ్ళ.

"ఫిబ్రవరి ఇరవైన వచ్చింది. బిళ్ళ బాగుందని పిల్లలడిగారు, ఇవ్వలేదు. ఎవరో ఒకరు వస్తారుగా అన్నాను."

నెవేనా కవరు రెండువైపులా చూసింది. తెరవలేదు. అమ్మకి ఇచ్చింది.

"మీ దగ్గరుంచండి. బస్సులో నాకు రెండు చేతులూ కావాలి."

అమ్మ దాన్ని మడిచి గౌను లోపల పెట్టుకుంది.

ఆ నీళ్ళావిడ పేరు దోన్యా కాందిదా. మాకు తలో సంచీ ఇచ్చి, డబ్బా అమ్మ ముందుకు తోసింది. "ఇంకా పదకొండున్నాయమ్మా. మీరీ వీధివాళ్ళేగా, ఎవరైనా తెలుసేమో చూడండి."

అమ్మ కళ్ళద్దాలు తేలేదు. నెవేనా చదివింది.

"ఉబావూ, పళ్ళ డాక్టరు."

"బతికే ఉన్నాడు. కొడుకు దగ్గరుంటాడు. సబ్బుల ఫ్యాక్టరీ ఉండిన చోటు నుంచి కిందికి మూడు వీధులు."

నెవేనా నోటుపుస్తకం తీసి రాసుకుంది. "లూసీలా మెహియా."

"మందుల షాపు లూసీలా. పోయింది. చెల్లెలుంది. పాత ఎద్దుల పందేల చోటు నుంచి పైకి ఒకటి."

ఎండలో గంటసేపు కూచున్నారు. పదకొండిట్లో ఏడుగురు అమ్మకి తెలుసు. నెవేనా ఎక్కడా, ఇప్పుడక్కడ ఏముంది అని అడగలేదు. దోన్యా కాందిదా ఆ ఏడూ మాకిచ్చేసి, "పోనీలెండి, డబ్బా తేలికైంది," అంది.

కవరులో పత్రం ఉంది, ముద్ర ఉంది, స్పానిష్ అనువాదం కూడా పిన్ను కొట్టి ఉంది. నెవేనా మంగళవారం ఆసుపత్రిలో ఇచ్చింది. గుమాస్తా దాన్ని తిరగేసి చూసి, ఫైల్లో పెట్టి, పవిత్ర వారం అయ్యాక ఏప్రిల్ ఒకటిన పనిలో చేరమన్నాడు. ఆ రాత్రి అమ్మ సహకార సంఘానికి టెలిగ్రాం ఇమ్మంది. "కాగితం ఇంట్లోనే ఉంది" అని రాయించింది. ఫానోర్ అది మూడుసార్లు చదువుకున్నాడట.

పవిత్ర వారంలో ఊరు ఖాళీ అయింది. అమ్మ, నెవేనా రోజుకొకటి చొప్పున ఉత్తరాలు పట్టుకుని బయలుదేరేవారు. అమ్మ ఎటు వెళ్ళాలో చెప్పేది, నెవేనా ఏ బస్సో చెప్పేది. దారి పొడుగునా పోట్లాడుకునేవారు. సాయంత్రం ఒకరింట్లో కాఫీ తాగొచ్చామనీ, ఇంకొకరింట్లో మామిడిపళ్ళు కట్టిచ్చారనీ చెప్పేవారు. ఆరు ఇచ్చేశారు. పళ్ళ డాక్టరుది మిగిలింది. సముద్రానికి వెళ్ళినవాడు అక్కడే కూతురింట్లో ఆగిపోయాడని, పదో తేదీకి వస్తాడని పక్కింటివాళ్ళు చెప్పారు.

పదో తేదీ బుధవారం. నెవేనా నాలుగింటికి ఆసుపత్రి నుంచి వచ్చేసరికి అమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో ఉంది. నేనూ వెళ్ళాను. రెండు బస్సులు మారి దిగి, సబ్బుల ఫ్యాక్టరీ ఉండిన చోటు నుంచి కిందికి నడుస్తున్నాం. అక్కడిప్పుడు బడిపిల్లలు ఆడుకునే స్థలం ఉంది.

"ఆ టికెట్టు విమానం ఇవాళే కదా?" అంది అమ్మ.

"ఇవాళే."

"ఎన్నింటికి?"

"రెండున్నరకి."

"ఇప్పుడెంత?"

నెవేనా చేతి గడియారం చూసింది. "ఐదు పది."

"చెప్పలేదేం మరి?"

"మీరడగలేదు."

అమ్మ ఒక వీధి నడిచాక, "ఆదివారం పిండికి పందికొవ్వు నువ్వు కలుపు. నా చెయ్యి లాగుతోంది," అంది.

"ఎంత వెయ్యాలి?"

"చాలినంత."

"చాలినంత అంటే ఎంత?"

"వేస్తుంటే తెలుస్తుంది."

మూడో వీధిలో నీలం గేటు దగ్గర అమ్మ ఆగి ఉత్తరం కోసం చెయ్యి చాపింది. నెవేనా ఇచ్చింది. అమ్మ గేటు మీద నాణెంతో కొట్టింది. లోపల కుక్క మొరిగింది. బనియను వేసుకున్న ముసలాయన తలుపు సగం తెరిచి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఎవరది?"

"ఎర్సీలియాని, డాక్టరు గారూ. లియోన్సియో భార్యని," అంది అమ్మ. "మీ ఇంటికి ఉత్తరం వచ్చింది. మీరు ఇంట్లో లేరు."